కాలువ గట్టు మీద కూలి

 

సోషల్ వర్క్‌లో పట్టా అందుకుంటున్న మీలో కొందరు రేపు ఒడిశా, జార్ఖండ్ కొండ గ్రామాలకు వెళతారు. కొందరు దేశం దాటి, ఆఫ్రికాలోని శరణార్థి శిబిరాలకు కూడా వెళతారు. ఊరు కొత్త, భాష కొత్త. మీ చేతిలో బియ్యమో మందులో ఉంటాయి, ఎదురుగా ఆకలితో ఉన్న మనుషులు ఉంటారు. సరిగ్గా ఆ స్థితిలోనే ఒంగోలులో నిలబడిన ఒక పరదేశి గురించి చెబుదామని వచ్చాను.

ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. కుర్రతనంలో సర్వే బృందాలతో తిరిగి భూమి కొలవడం నేర్చాడు. లాయరు కావాలనుకున్నాడు, చివరికి బాప్టిస్టు మిషనరీ అయ్యాడు. 1865లో మద్రాసులో ఓడ దిగి, నెల్లూరులో తెలుగు నేర్చుకుని, మరుసటి ఏడాది భార్య హారియెట్‌తో ఒంగోలులో కాపురం పెట్టాడు. తెలుగు దేశంలో ఆ మిషన్ అప్పటికి దాదాపు ముప్పై ఏళ్లుగా ఉన్నా చేరినవాళ్లు బహు కొద్దిమంది. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు తర్జనభర్జన పడ్డారు కూడా.

ఒంగోలులో ఆయన బడి పెడితే అగ్రవర్ణాల పిల్లలు వచ్చారు. అంతలో పల్లెల నుంచి మాదిగలు వచ్చి తమను మతంలో చేర్చుకొమ్మన్నారు. వీళ్లను రానిస్తే మా పిల్లల్ని పంపం అన్నారు పెద్దకులాల వాళ్లు. పలుకుబడి గలవాళ్లు ముందు చేరితే మిగతా ఊరంతా వెనకే వస్తుందన్నది ఆనాటి మిషనరీల్లో చాలామంది నమ్మకం. దంపతులిద్దరూ ఆ రోజు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో, బలహీనులను దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటే కనిపించిందని క్లౌ తన ఆత్మకథలో రాసుకున్నాడు. వాళ్లు మాదిగల పక్షాన నిలిచారు. బడి ఖాళీ అయింది.

మిషనరీల గురించి రాసేటప్పుడు మనవాళ్లు తరచూ వదిలేసే మనిషి ఒకరున్నారు. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరం వైపు ఊళ్లకు తిరిగిన మాదిగ. యోగమార్గంలో గురువుగా కొందరు శిష్యులు కూడా ఉన్నవాడు. ఆయన, ఆయన భార్య నాగమ్మ క్లౌ కంటే ముందే తమ పల్లెల్లో క్రీస్తు మాట చెప్పడం మొదలుపెట్టారు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరికి వెళ్లేసరికి 28 మంది బాప్తిస్మానికి సిద్ధంగా ఉన్నారు. పొలం దున్నింది పేరయ్య దంపతులు. పరదేశి చేసిన మంచి పని, వాళ్లున్న చోటికి వెళ్లడం.

ఇక కరువు సంగతి. 1876లో వానలు పోయాయి. ధాత నామ సంవత్సరం కరువని మన పెద్దలు చెప్పుకున్నది ఇదే. 1878 దాకా సాగిన ఆ కరువులో దేశం మొత్తం మీద 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. కరువు పర్యవేక్షణకు ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సిఫారసు మీద కరువు పనుల్లో మగవాడి కూలిని రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణాకు కుదించారు. గడ్డపార పట్టి మట్టి తవ్వే మనిషికి అది! ఆ లెక్క వేసినవాళ్ల మీద నాకు ఈనాటికీ కోపం ఆరదు.

బకింగ్‌హాం కాలువను కృష్ణా కాలువలతో కలిపే తవ్వకం కరువు పనిగా అప్పుడే సాగుతోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. చందాలు పోగుచేసి గంజి పోసి ఊరుకోలేదు, కొలతలు తెలిసినవాడు కనుక పనే తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. తవ్వినదానికి తగిన కూలి నేరుగా కూలీ చేతికి అందేలా చూశాడు. ఉపాధి హామీ పనుల్లో ఫీల్డ్‌వర్క్ చేసినవాళ్లకు ఇందులో ఉన్న కష్టం తెలుసు. గుంత కొలత ఒక జానెడు తక్కువ వేస్తే, మస్టర్‌లో ఒక పేరు జారితే, ఆ ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. జాలి అందరికీ ఉంటుంది. టేపు సరిగ్గా పట్టడం తెలిసినవాడు కావాలి. ఈ కాలేజీ మీకు నేర్పింది అదే కనుక దాన్ని చిన్నచూపు చూడకండి.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు విషయం. కాలువ గట్టు మీద బోధ కూడా సాగింది. దాన్ని నేను దాచను. మేస్త్రీలే బోధకులు కనుక పని ఆగినప్పుడల్లా వాళ్ల మాటలు విన్నవాళ్లు వేలల్లో ఉన్నారు. మమ్మల్ని మీలో కలుపుకోండని ఎంతోమంది అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. పదిహేను నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశాడు. బాప్తిస్మాలు ఇవ్వడానికే సముద్రాలు దాటి వచ్చిన మనిషి, ఆ లెక్క చూపించే అమెరికాలో చందాలు అడగవలసిన మనిషి, అడిగి వస్తున్నవాళ్లను ఆగమన్నాడు. కూడు పెట్టే చేతికి ఆకలిగొన్నవాడు కాదని చెప్పలేడని ఆయనకు తెలుసు. అలాంటప్పుడు వచ్చిన ‘అవును’ను ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

1878 జూలై మొదట్లో, ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం గుమికూడారు. ఇక మీకు ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు, తిరిగి వెళ్లండి అని ఆయన చెప్పాడు. మేం డబ్బు కోసం రాలేదు, కష్టపడి బతుకుతాం, మమ్మల్ని చేర్చుకో అన్నారు వాళ్లు. మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందులో జూలై 3 ఒక్కరోజే 2,222 మంది.

కూటి కోసం మతం మారారన్న మాట అప్పుడూ పుట్టింది, ఇప్పుడూ వినిపిస్తుంది. కరువులో ఆదుకున్నవాడి మీద కృతజ్ఞత ఆ నిర్ణయంలో లేదని నేనూ అనను. కానీ వెట్టికి రానని చెప్పగల ధైర్యం, పిల్లవాడి చేతికి పలక, తమను పేరు పెట్టి పిలిచే ఒక సంఘం వాళ్లు కోరుకున్నారు. వాటిని కోరుకున్నందుకు ఊళ్లో బావులు మూసినా, దెబ్బలు పడినా నిలబడ్డారు. తిండి గింజల కోసమే వచ్చినవాళ్లు గింజలు అయిపోయాక అంత బాధ పడరు.

మీరు ఏ మతం వాళ్లయినా, ఏ మతమూ లేనివాళ్లయినా, మీరు పనిచేసే సంస్థ కూడా ఏదో ఒకటి తిరిగి అడుగుతుంది. వరద బాధితుడు సంచీ అందుకుంటున్న ఫోటో అడుగుతుంది. దాత పేరున్న బ్యానర్ వెనక నిలబెట్టమంటుంది. ఆ తల్లి తన కథ కెమెరా ముందు చెప్పాలంటుంది. ఆమె సరే అంటుంది. బిడ్డకు పాలు లేని రోజున ఎవరైనా సరే అంటారు. అప్పుడు మీరు కెమెరా దించండి. సంచీ ఇచ్చి పంపించండి. ఆరు నెలల తర్వాత, ఆమె పొయ్యి మళ్లీ రాజుకున్నాక వెళ్లి అడగండి. అప్పుడు వద్దంటే ఆ మాట మీ పైవాళ్లకు రాతలో చెప్పండి. ఇందుకు మీ ప్రాజెక్టు ఆలస్యం కావచ్చు, మీ ప్రమోషన్ కూడా ఆలస్యం కావచ్చు. క్లౌ పదిహేను నెలలు ఆగాడు.

ఇంకొక్క కోరిక. ఆ కాలువ పనిలో మేస్త్రీలుగా నిలిచిన తెలుగు బోధకుల్లో చాలామంది పేర్లు ఈనాడు మనకు తెలియవు, వాళ్ల దొర పేరు తెలుసు. మీరు వెళ్లే చోట మీకు భాష నేర్పి, దారి చూపి, ఎవరి ఇంట్లో పొయ్యి వెలగలేదో చెప్పే మనిషి ఒకరు తప్పక దొరుకుతారు. మీ మొదటి రిపోర్టులో ఆ పేరు, ఊరితో సహా, మీ పేరు కంటే ముందు రాయండి.