సంఘం మిగులు సొమ్ము - కొద్దికాలపు డిపాజిట్లు
(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ప్రసంగ పాఠం)



చలికాలంలో పాలు ఎక్కువ, వేసవిలో తక్కువ. అందుచేత చలికాలం ముగిసేసరికి చాలా సంఘాల ఖాతాలో కొంత సొమ్ము నిలుస్తుంది. దానిని కొద్ది నెలలపాటు ఎక్కడ ఉంచాలన్నదే నేటి విషయం. తనిఖీకి వచ్చినప్పుడు మేము రెండు రకాల సంఘాలను చూస్తుంటాము. కొన్ని సంఘాలు మొత్తం పొదుపు ఖాతాలోనే వదిలి వడ్డీ పోగొట్టుకుంటాయి. మరికొన్ని నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని ఎక్కడ పడితే అక్కడ పెట్టబోతాయి. రెండూ మంచివి కావు.

ముందుగా చూడవలసింది వడ్డీ కాదు. ఈ సొమ్ము మనకు ఎప్పుడు కావాలన్నది. ఒక సంఘం వద్ద 6 లక్షల రూపాయలు ఉన్నాయనుకుందాం. పైనుంచి డబ్బు రావడం ఆలస్యమైనా సభ్యుల పాలబిల్లు ఆగకుండా 1 లక్ష పొదుపు ఖాతాలో ఉంచాలి. వేసవిలో దాణా కొనడానికి 2 లక్షలు మూడు నెలల డిపాజిట్టులో వేయవచ్చు. బోనస్‌కు తీసిపెట్టిన 3 లక్షలు ఆరు నెలలకు వేయవచ్చు. అయితే 3 లక్షలకూ ఒకే రసీదు వద్దు, లక్షకొకటి చొప్పున మూడు తీసుకోండి. గడువుకు ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి. అవసరం పడితే ఒక్క రసీదే రద్దవుతుంది, మిగతా రెండింటి వడ్డీ నిలుస్తుంది.

ఇక వడ్డీ సంగతి. ఒకచోట నూటికి 6, మరొకచోట 9 ఇస్తామన్నారనుకోండి. 3 లక్షల మీద ఆరు నెలలకు తేడా 4,500 రూపాయలు. సంఘంలో 150 మంది ఉంటే మనిషికి 30 రూపాయలు. అసలే మునిగితే మనిషికి 2,000 నష్టం. 30 రూపాయల కోసం 2,000 ఒడ్డవచ్చునా అన్నది పాలకవర్గమే ఆలోచించాలి.

బ్యాంకు అయినంత మాత్రాన నిశ్చింత కాదు. 2019 సెప్టెంబరులో పంజాబ్ అండ్ మహారాష్ట్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు, ఖాతాకు మొదట 1,000 రూపాయలే తీసుకోనిచ్చారు. పరిమితిని తర్వాత పెంచినా, పాలబిల్లు చెల్లించవలసిన సంఘానికి అలాంటి పక్షం ఒక్కటి వస్తే చాలు, సభ్యుల ఇళ్లలో పొయ్యి వెలగడం కష్టమవుతుంది.

డిపాజిట్ బీమా 2020 ఫిబ్రవరి నుండి ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుకు 5 లక్షల వరకు ఉన్నది. అసలు, వడ్డీ కలిపి లెక్క. ఆ బ్యాంకు శాఖలన్నీ కలిపి ఒక్కటే లెక్క. ఇలాంటి ఆంక్షలు వచ్చినప్పుడు బీమా సొమ్ము 90 రోజుల్లో అందేలా 2021లో చట్టం సవరించారు. కావున మన 6 లక్షలూ రెండు బ్యాంకుల్లో ఉంచడం మేలు. ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలకు, చిట్టీలకు ఈ బీమా లేదు.

చివరిగా, చట్టమూ మన ఉపవిధులూ అనుమతించిన చోటనే పెట్టాలి. తీర్మానం మినిట్సు పుస్తకంలో వ్రాయాలి. రసీదు సంఘం పేరుననే ఉండాలి, ఏ ఒక్కరి సొంత పేరునా కాదు. గడువు తేదీలు రిజిస్టరులో ఎక్కించి, వచ్చే పాలకవర్గ సమావేశంలో రసీదులన్నీ బల్లమీద పెట్టి సరిచూసుకోవలసిందిగా కోరుతున్నాము.