పండుగప్ప వేట: గడచిన ఋతువు, రాబోవు ఋతువు

(తీర గ్రామ పంచాయితీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగ పాఠము)



నేను వల విసరినవాడను కాను. పడవ ఎక్కినప్పుడెల్ల అంచును గట్టిగా పట్టుకొని కూర్చుండువాడను. ప్రభుత్వ ప్రచార శాఖలో ఉద్యోగినై తీర గ్రామములు తిరుగుచు, మీవంటి పెద్దలు చెప్పినది వినుటయు, శాస్త్రజ్ఞులు వ్రాసినది చదువుటయు నా పని. ఈ రెండింటిని కలిపి చూచినపుడు పండుగప్పను గూర్చి తోచిన ఒక సంగతిని మీ ముందుంచుటకు వచ్చితిని.

ఇవి వేట నిషేధపు దినములు. మన తూర్పు తీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలు, మోటారు పడవలు సముద్రముపై వేటకు పోరాదు. వలలు ఒడ్డున ఆరుచున్నవి. పడవలకు మరమ్మతులు సాగుచున్నవి. ఏరువాకకు ముందు రైతు నాగలిని, కాడిని సవరించుకొనునట్లే మత్స్యకారుడు తన సామగ్రిని సవరించుకొను కాలమిది. గడచిన ఋతువు లెక్కను చూచుకొనుటకు ఇంతకంటె మంచి సమయము లేదు. అయితే చూచుకొనుటకు లెక్క యుండవలెను గదా!

కొన్ని దినముల క్రిందట గోదావరి మొగకు చేరువనున్న ఒక గ్రామమున చావడి అరుగుపై కూర్చుండి, "ఈ యేడు పండుగప్ప ఎట్లు పడినది?" అని అడిగితిని. "తగ్గిందండీ" అని అందరును ఒక్క మాటగా చెప్పిరి. ఎంత తగ్గినదని అడుగగా ఒకరు సగమనిరి, ఒకరు ముప్పాతిక అనిరి. ఒక వృద్ధుడు, "మా నాయన నాటి చేప, బాబూ, ఇంత!" అని రెండు చేతులు బార చాచెను. చేతులు చాచినపుడెల్ల చేప కొంత పెరుగునని ప్రక్కవాడు చమత్కరించెను. అందరును నవ్విరి. కాని తగ్గుదల ఎంతయో, ఎచ్చట తగ్గినదో, చిన్న చేపలు తగ్గినవో పెద్దవి తగ్గినవో చెప్పగలవారు ఆ అరుగుపై లేరు.

అప్పుడు ఒక మత్స్యకారుని కుమార్తె, ఉన్నత పాఠశాలలో చదువుచున్న అమ్మాయి, ఇంటిలోనికి పోయి ఒక నోటు పుస్తకము తెచ్చినది. ఆమె తండ్రిది తెడ్లతో నడుపు చిన్న నావ. సాయంకాలము తండ్రి తిరిగి వచ్చిన పిమ్మట, అప్పు లెక్క మరచిపోకుండుటకై, ఆనాటి తేదీ, తిథి, ఏ పాయలో వల వేసినది, ఏమి పడినది, ఎంతకు అమ్మినది ఆమె వ్రాసి పెట్టుచున్నదట. చేపల పొడవు వ్రాయలేదు. బరువు కొన్నింటికే కలదు. అయినను అరగంట సేపు పుటలు త్రిప్పుసరికి, ఎన్నో సమావేశములలో నాకు తెలియనిది అచ్చట కనబడినది. ఎండకాలము చివరను, వానకాలమునను పడిన పెద్ద చేపలు దాదాపుగా అన్నియు అమావాస్యకో పున్నమికో అటునిటు రెండు మూడు దినములలో పడినవే. పడిన చోటు కూడ ఒక్కటే, మొగ. చిన్న చేపలు పడినదెల్ల లోపలి పాయలలో. పెద్ద చేపల ప్రక్కన పలుచోట్ల "గుడ్లు ఇంటికి" అని వ్రాసియున్నది. వర్తకునికి చేపను ఇచ్చి, గ్రుడ్లు మాత్రము కూరకు ఉంచుకొనిరన్న మాట.

ఈ మూడు ముక్కలను శాస్త్రజ్ఞులు చెప్పినదానితో కలిపి చదువుడు.

బెంగాలులో భెట్కి యనియు, తమిళ దేశమున కొడువా యనియు, ఆస్ట్రేలియాలో బారముండి యనియు, ఎగుమతి వర్తకములో ఏషియన్ సీ బాస్ అనియు పిలువబడునది మన పండుగప్పయే. పర్షియా సింధుశాఖనుండి ఉత్తర ఆస్ట్రేలియా వరకు ఈ చేప కలదు. దీని జీవితము విచిత్రమైనది. పులస సముద్రమున పెరిగి గ్రుడ్లు పెట్టుటకు నదిలోనికి ఎగబ్రాకును. పండుగప్ప నడక దానికి విరుద్ధము. ఇది ఉప్పునీటి మొగలలో పుట్టి, పోటు నీటితో మడ అడవుల పాయలలో చేరి, అచ్చటనుండి చప్పనీటికి, మంచినీటికి ప్రాకి, అచ్చట కొన్ని సంవత్సరములు పెరుగును. ఈడు వచ్చిన పిమ్మట గ్రుడ్ల కాలమున మరల మొగకు దిగివచ్చును. అమావాస్య, పున్నమి పోట్లు దానికి ముహూర్తములు. నీటిలో విడిచిన గ్రుడ్లను, పిల్లలను పాయలలోనికి చేర్చుటకు పెద్ద పోటు కావలెను గనుక ప్రకృతి ఆ ఏర్పాటు చేసినది. బడిపిల్ల నోటు పుస్తకము చెప్పినదియు ఇదే.

అంతకంటె విచిత్రమైనది మరియొకటి కలదు. పండుగప్పలు సాధారణముగా మొదట మగచేపలుగా ఈడేరును. ఒకటి రెండు ఋతువులో, అంతకు మించియో మగచేపలుగా గడపిన తరువాత, సుమారు ఆరేండ్ల వయసు ప్రాంతమున, అవియే ఆడచేపలుగా మారును. కావున చిన్నవి మగవి, మిక్కిలి పెద్దవన్నియు ఇంచుమించుగా ఆడవి. ఒక్కొక్క పెద్ద తల్లి ఒక్క కాలమున లక్షల కొలది గ్రుడ్లు విడుచును.

ఇచ్చట నా తప్పొకటి చెప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున మనిషి నడుమంత పండుగప్ప పడినదని కబురు రాగా, నేను స్వయముగా పోయి, ఆ చేపను ఇరువురు ఎత్తి పట్టుకొని యుండగా ఛాయాచిత్రము తీయించి, "మత్స్యకారుల అదృష్టము" అను శీర్షికతో పత్రికకు పంపితిని. అది అచ్చయినది. పొరుగు గ్రామములవారు దానిని చూచి మరునాటి పున్నమికి పెద్ద కన్ను వలలతో అదే మొగకు పోయిరని తరువాత వింటిని. ఆ చేప పొట్టనిండ గ్రుడ్లుండెను. పత్రికలో ఆ సంగతి నేను వ్రాయలేదు. అది వ్రాయదగిన సంగతియని నాకప్పుడు తెలియదు.

పెద్ద చేప నష్టము కనబడును. చిన్న చేపల నష్టము కనబడదు. పాయలలో దోమతెర గుడ్డవంటి సన్నకన్ను వలలు కట్టినపుడు రొయ్య పిల్లలతోపాటు పండుగప్ప పిల్లలును చిక్కును. 1990 ప్రాంతములందు టైగరు రొయ్య పిల్లలకు గిరాకి మిక్కుటముగా నున్న కాలమున, రొయ్య పిల్లను ఏరుకొని, తక్కిన చేప పిల్లలను ఇసుకపై పారవేసిన దృశ్యము మీలో పెద్దవారు చూచియే యుందురు. ఆ వ్యాపారము ఇప్పుడట్లు లేదు. సన్నకన్ను వలలు మాత్రము ఉన్నవి. ఇక పైనుండి చూచినచో, ధవళేశ్వరము ఆనకట్ట 1852 లో పూర్తియైన నాటినుండి నదిని ఎగబ్రాకు చేపలకు దారి అడ్డుపడినది. కనుక దిగువనున్న పాయలు, మురుగు కాలువలు, మడ అడవులే దీని పిల్లలకు మిగిలిన పుట్టిల్లు. అచ్చట పిల్లను, మొగలో తల్లిని, రెండు చివరల పట్టుకొనుచు, నడుమ చేప ఏల తగ్గినదని మనమడుగుచున్నాము.

ఇతర దేశములవారు ఏమి చేయుచున్నారో చెప్పెదను. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు రాష్ట్రమున ఈ చేపనే 58 సెంటీమీటర్లకు తక్కువ పొడవున్నచో పట్టరాదు. 120 సెంటీమీటర్లకు మించినను పట్టరాదు. అనగా రెండడుగులకు లోపుదానిని, నాలుగడుగులదానిని విడువవలెను, నడిమిదానిని తీసికొనవచ్చును. ఆ రాష్ట్రపు తూర్పు తీరమున నవంబరు 1 మొదలు ఫిబ్రవరి 1 వరకు, వారికి అది ఎండకాలము, గ్రుడ్లు పెట్టు కాలమగుటచే వేట మూసివేయుదురు. అమెరికాలో బాస్ అని పిలువబడు చేప వేరు. అది మంచినీటి చేప, మన పండుగప్పకు పేరులోనే చుట్టము. దానిని సరదాకు గేలముతో పట్టువారు కూడ ఋతువు ముగిసిన పిమ్మట తమ పుస్తకములు తెరచి, ఏ దినమున ఏ లోతున పడినదో చూచుకొని, రాబోవు ఋతువుకు ఏర్పాటు చేసికొందురు. సరదాకు పట్టువానికే పుస్తకముండగా, జీవనమునకు పట్టువానికి లేకుండుట వింత.

అయితే ఆ దేశపు పద్ధతిని ఉన్నదున్నట్లు ఇచ్చటికి తెమ్మని నేను చెప్పను. గేలమునకు చిక్కిన చేపను విడిచినచో బ్రదుకవచ్చును. వలలో రాత్రియంతయు ఉరిపడిన చేపను ఉదయమున విడిచిన ఫలమేమి? అది చచ్చినదే. పైగా వారము దినములు వట్టి చేతులతో తిరిగి వచ్చినవాని వలలో ఒక పెద్ద చేప పడినపుడు దానిని విడువుమని చెప్పుటకు నాకు నోరు రాదు. వర్తకుని వద్ద ముందుగా బయానా తీసికొన్నవానికి ఆ చేప తనది కూడ కాదు. ధర వర్తకుడే చెప్పును, తూకము వర్తకుడే వేయును. తల్లి చేపను కాపాడుమని మత్స్యకారునికి చెప్పుటకు ముందు, బయానా గొడవను గూర్చి పంచాయితీ ఆలోచింపవలెను. సహకార సంఘము సరిగా నడచుచోట ఈ కట్టు కొంత సడలినది. నడవనిచోట గ్రామమున ఒక మంచి కాటా, మంచుగడ్డలు నిలువయుంచు పెట్టె ఉన్నను మేలే. మంచు లేని చేపకు మధ్యాహ్నమునకే ధర పడిపోవును. ఆ భయముచేతనే మొదట వచ్చిన వర్తకునికి ఇచ్చివేయుచున్నారు.

కావున విడువుమనుట కాదు, ఆ నాలుగు దినములు ఆ చోట పెద్ద కన్ను వల వేయకుండుట సాధ్యమా యని అడుగుచున్నాను. జూన్ 14 తో నిషేధము ముగియును. పండుగప్ప గ్రుడ్ల కాలము వానలలోనికి కూడ సాగును. నిషేధము యంత్రపు పడవలను, మోటారు పడవలను ఉద్దేశించినది. మొగలోని తెడ్ల నావను గూర్చి గ్రామమే ఆలోచింపవలెను. జూన్, జూలై, ఆగస్టు మాసములలో అమావాస్యకు, పున్నమికి అటునిటు రెండేసి దినములు మొగను విడిచి, వేరుచోట వల వేసికొందురా? శాసనము చేయు అధికారము పంచాయితీకి లేదు. కుల పెద్దలు చావడిలో కూర్చుండి చేసికొన్న కట్టుబాట్లు తీరమున ఎన్ని తరములుగా నిలిచియున్నవో నాకంటె మీకే తెలియును. ఒక్క గ్రామము మానుకొని, ఎదుటి ఒడ్డు గ్రామము మానుకొననిచో ఇది నిలువదు, మానుకొన్నవాడే వెఱ్ఱివాడగును. మొగను పంచుకొను గ్రామములన్నియు ఒక్క చోట కూర్చుండవలెను. మొదట ఎవరు పిలువవలెనను పట్టింపు వచ్చునేని మత్స్యశాఖవారిని పిలువుమనుడు. వారి పిలుపుతో ఎవరికిని చిన్నతనము లేదు.

చెరువులలో పండుగప్పను పెంచువారు పాయలలో పిల్లను పట్టి తెచ్చుకొను పనిని మానవచ్చును. చెన్నపట్టణములోని కేంద్ర ఉప్పునీటి జలచరముల పెంపక పరిశోధన సంస్థవారు 1997 లోనే దీని పిల్లను కేంద్రములో పుట్టించిరి. ఇప్పుడు అట్టి పిల్ల దొరకుచున్నది. కాని ఒక్క జాగ్రత్త కలదు. ఈ చేప తన తోబుట్టువునే మ్రింగునది. తన పొడవులో సగమునకు మించిన దానిని సైతము మ్రింగగలదు. కనుక పిల్ల దశలో కొన్ని దినములకొకసారి పెద్దవానిని, చిన్నవానిని వేరు చేయుచుండవలెను. చేయనివాడు వేయి పిల్లలు వేసి, చివరకు వందను లెక్కించుకొని, నీటిని నిందించును.

మడ అడవుల సంగతి క్లుప్తముగా చెప్పెదను. 1978 లో అభయారణ్యమైన కోరింగ అడవి సుమారు 235 చదరపు కిలోమీటర్లు. పోటు నీరు చేరక ఎండిపోయిన మడ భూములలో, చేప ముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి నీరు పారించి మొక్కలు నాటు పద్ధతి గోదావరి, కృష్ణా తీరములందు మంచి ఫలమిచ్చినది. ఆ కాలువలు పూడినపుడు నీటితోపాటు చేప పిల్లకును దారి మూయును. మీ గ్రామ పరిధిలో అట్టి కాలువ పూడియున్నచో, అటవీ శాఖవారికి తీర్మానము వ్రాసి పంపుడు.

తిరిగి నోటు పుస్తకమునకు వచ్చెదను. మీ పంచాయితీలలో బడికి పోవు పిల్లలున్న మత్స్యకార కుటుంబములను అయిదింటిని మాత్రము ఎన్నుకొనుడు. అయిదు పుస్తకములు, ఒక్కొక్క ఇంటికి ఒక కొలత టేపు పంచాయితీ కొనియిచ్చుట భారము కాదు. తేదీ, తిథి, స్థలము, వల కన్ను కొలత, చేప పొడవు, బరువు, గ్రుడ్లు కలవా లేవా, అమ్మిన ధర అని గడులు గీయించుడు. వట్టి చేతులతో వచ్చిన దినమును కూడ తప్పక వ్రాయుమనుడు. ఆ దినమే చాలమంది వదలివేయుదురు. అప్పు సంగతి వ్రాయుట ఇష్టము లేనివారు వ్రాయనక్కరలేదు. మొదటి పుట జూన్ 15 న మొదలు కావలెను. రాబోవు నిషేధ దినములలో మనము మరల కలిసికొనునపుడు ఆ పుస్తకములు తెండు. ఆ అమ్మాయి తన పుస్తకము తెచ్చెదనని చెప్పినది. ఈసారి పొడవు కూడ వ్రాయునట.