ఇంటికిని, ఇంటిలోని సామానుకును బీమా

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



కడెము వాగు సంగతి మీకు వేరుగా చెప్పవలసిన పని లేదు. 1958 ఆగస్టులో, అప్పుడే కట్టిన కడెము ఆనకట్టపై నుండి వరద పొరలి మట్టికట్టకు గండ్లు పడినవి. అరువది నాలుగేండ్ల తరువాత, 2022 జూలైలో, అదే ప్రాజెక్టుకు అయిదు లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినది. గేట్ల ద్వారా పోగలిగినది సుమారు మూడు లక్షల క్యూసెక్కులు మాత్రమే. దిగువ గ్రామములవారిని ఇండ్లు ఖాళీ చేయించవలసి వచ్చినది. కట్ట నిలిచినది గాని, అదే వరదలో మంచిర్యాలలోను, మంథనిలోను గోదావరి నీరు ఇండ్లలో ప్రవేశించినది. అంతకు ముందటి యేడు జూలైలో నిర్మల్ పట్టణమున కాలనీలు మునిగినవి. 2023 జూలై 27న భూపాలపల్లి చెంతనున్న మోరంచపల్లి వాసులు ఇండ్ల కప్పులెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. నీరు తీసిన పిమ్మట ఇండ్లలో మిగిలినది బురద.

మనుష్యులను కాపాడుటకు పడవలు వచ్చును, హెలికాప్టర్లు వచ్చును. ఇంటిని మరల నిలబెట్టుటకు ఏమి వచ్చును? నేడు మీతో ముచ్చటించదలచినది ఈ విషయమే.

ప్రభుత్వ సహాయము వచ్చును. ఎంత వచ్చునో కూడ తెలిసికొనుట మంచిది. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రకటించిన విపత్తు సహాయ ప్రమాణముల ప్రకారము, మైదాన ప్రాంతమున పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు. పక్కా ఇల్లు కొంత మేరకు, అనగా కనీసము నూటికి 15 వంతులు, దెబ్బతినినచో 6,500 రూపాయలు. కచ్చా ఇంటికైనచో 4,000. గుడిసెకు 8,000. బట్టలకు కుటుంబమునకు 2,500, వంటపాత్రలకు మరియొక 2,500. ప్రభుత్వోద్యోగులమై యుండి మేమే ఈ మాట చెప్పుట కొందరికి వింతగా తోచవచ్చును గాని, దాచుట వలన ప్రయోజనము లేదు: ఇది సహాయమే కాని నష్టపరిహారము కాదు. ఒక గోడ, సగము కప్పు పోయిన పెంకుటింటిని 6,500 రూపాయలతో బాగుచేయించిన మేస్త్రీని మేము చూడలేదు. ఆ మిగిలిన భారమును మోయుటకే బీమా అను ఏర్పాటు కలదు.

బీమా అనగానే మన గ్రామములలో "మాకు రైతుబీమా ఉన్నది గదా" అని సమాధానము వచ్చుచుండును. మేము పోయిన ప్రతి చోటను ఈ మాట విన్నాము. 2018లో ఆరంభమైన రైతుబీమా రైతు ప్రాణమునకు సంబంధించినది. బ్యాంకు ఖాతా నుండి యేటేటా 20 రూపాయలు కోయబడు సురక్షా బీమా ప్రమాదమున మరణించినవారికి, అంగవైకల్యము పొందినవారికి ఉద్దేశింపబడినది. ఫసల్ బీమా పంటకు. వీనిలో ఏదియు మీ ఇంటి గోడను గాని, ఇంటిలోని బీరువాను గాని ఎరుగదు. ఇల్లు కూలిన పిదప ఈ తేడా తెలిసికొన్నవారు చాలమంది కలరు.

పేదవాని ఇంటికి బీమా అను తలంపు కొత్తది కాదు. 1988లో కేంద్ర ప్రభుత్వము గ్రామీణ పేద కుటుంబములకై గుడిసెల బీమా పథకమును ప్రవేశపెట్టినది. గుడిసె కాలినచో 1,000 రూపాయలు, అందులోని వస్తువులకు 500 రూపాయలు. ఆ పథకము నేడు లేదు. నేడున్నది ఎవరి ఇంటికి వారు కొనుక్కొనవలసిన పాలసీ.

ఇంతకాలము ఈ పాలసీలతో వచ్చిన చిక్కు ఏమనగా, కంపెనీకొక తీరు, పత్రమునకొక షరతు. చదువుకొన్నవారికి సైతము అంతుచిక్కని భాష. హైదరాబాదున ప్రధాన కార్యాలయము గల బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఈ చిక్కును కొంత తీర్చినది. 2021 ఏప్రిల్ 1 నుండి, అగ్నిప్రమాద బీమా వ్యాపారము చేయు ప్రతి సాధారణ బీమా కంపెనీయు "భారత్ గృహ రక్ష" అను ఒకే నమూనా పాలసీని అమ్మవలెనని శాసించినది. ప్రభుత్వరంగమునకు చెందిన న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్ కంపెనీలలోను, ప్రైవేటు కంపెనీలలోను మూల షరతులు ఒక్కటే. తేడా ఉండునది ప్రీమియములో. కనుక రెండు మూడు చోట్ల ధర అడిగి, తక్కువైన చోట తీసికొనుటకు సంకోచింప నక్కరలేదు. ఈ పేరు పెట్టి అడుగుడు. పేరు చెప్పనిచో, అదనపు రక్షణలు చేర్చిన ఖరీదైన పాలసీని ముందు పెట్టు ఏజెంట్లు లేకపోలేదు. పది లక్షల విలువగల పక్కా ఇంటికి సాలుకు ప్రీమియము వందల రూపాయలలో ఉండుట సామాన్యము. ప్రీమియము కంపెనీకి చేరనిదే బీమా మొదలు కాదన్నది 1938 నాటి బీమా చట్టములోనే యున్న నియమము. కావున ఏజెంటు చేతిలో డబ్బు పెట్టి ఊరకుండక రసీదు అడిగి పుచ్చుకొనవలెను.

ఎంత మొత్తమునకు బీమా చేయవలెను? ఇచ్చటనే చాలమంది పొరపడుదురు. స్థలము విలువ ఇందులో చేరదు. వరద వచ్చినను, నిప్పంటుకొన్నను స్థలము పోదు గదా. ఇంటి లోపలి వైశాల్యమును, నేడు కొత్తగా కట్టుటకయ్యెడి ఖర్చుతో హెచ్చవేయవలెను. మీ ఇల్లు 600 చదరపుటడుగులు, చదరపుటడుగుకు మీ ఊర 1,500 రూపాయల ఖర్చగు నెడల, తొమ్మిది లక్షలు. ఇంటికి బీమా చేసినంతనే, అందులో నూటికి 20 వంతులకు, పది లక్షలు మించకుండ, ఇంటిసామానుకు కూడ దానంతటదే బీమా కలుగును. పై యింటికి అది 1,80,000 రూపాయలు. అంతకు మించిన సామాను గలవారు జాబితా ఇచ్చి పెంచుకొనవచ్చును. అద్దె కుండువారు సామానుకు మాత్రమే బీమా తీసికొనవచ్చును. బంగారు నగలు వేరు; వానికి ప్రత్యేకముగ అదనపు రక్షణ కోరవలెను.

ఈ పాలసీలో మాకు మిక్కిలి మేలుగా తోచిన షరతు ఒకటి కలదు. పూర్వపు పాలసీలలో పది లక్షల ఇంటికి అయిదు లక్షలకే బీమా చేసి, రెండు లక్షల నష్టము వచ్చినచో, "సగమునకే బీమా చేసితిరి, సగమే ఇత్తుము" అని ఒక లక్ష చేతిలో పెట్టెడివారు. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. బీమా మొత్తమునకు లోబడి, జరిగిన నష్టమును ఇయ్యవలసినదే. పాలసీని పదేండ్ల వరకు ఒకేసారి తీసికొనవచ్చును. అట్టి దీర్ఘకాల పాలసీలో బీమా మొత్తము అదనపు ప్రీమియము లేకుండ ఏటేటా నూటికి 10 వంతులు పెరుగును. కూలిన శిథిలములు తీసివేయు ఖర్చు, ఇల్లు బాగగు వరకు వేరొకచోట ఉండుటకయ్యెడి అద్దె కూడ ఇందులో ఉన్నవి.

అగ్ని, పిడుగు, గాలివాన, వరద, భూకంపము, అడవి మంట, చెట్టు విరిగి పడుట, వాహనము ఢీకొనుట, నీళ్లట్యాంకు పగులుట, అల్లర్లు: వీనివలని నష్టమునకు రక్షణ కలదు. భూకంపము మనకెందుకని తీసివేయ రాదు. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతమున వచ్చిన 5.3 తీవ్రతగల కంపము మన జిల్లాలలోను తెలిసినది.

ఇక ఏవి రావో చెప్పకుండుట న్యాయము కాదు. దొంగతనము రాదు, పైన చెప్పిన ఆపద ఏదైన జరిగి, దాని కారణముగ ఏడు దినములలోపల జరిగిన దొంగతనమునకే రక్షణ. షార్టు సర్క్యూట్ వలన టీవీ కాలినచో ఆ టీవీకి రాదు. దాని మంట ఇంటికి వ్యాపించినచో ఇంటికి వచ్చును. భూమి క్రుంగుటకు రక్షణ కలదు గాని, నది ఒడ్డు కోసికొని పోవుట వలన, త్రవ్వకముల వలన, నాసి కట్టడము వలన జరిగినది అందులో చేరదు. గోదావరి ఒడ్డున నున్న ధర్మపురి, మంథని ప్రాంతములవారును, రామగుండము, మందమర్రి బొగ్గు గనుల చెంతనున్న గ్రామములవారును ఈ వాక్యమును రెండుసార్లు చదువవలెను. ప్రేలుళ్లకు గోడలు నెరియలు వారినచో బీమా కంపెనీని కాదు, గని యాజమాన్యమును అడుగవలసి వచ్చును.

మన జిల్లాల ప్రత్యేకతలు మరి రెండు మూడు ఉన్నవి. సిరిసిల్లలో ఇంటిలోనే మరమగ్గములుండును. మగ్గము, నూలు, నేసిన బట్ట గృహోపకరణములు కావు. వానికి "భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష" అను వేరొక నమూనా పాలసీ కలదు. ఒకచోట అయిదు కోట్ల వరకు ఆస్తి గల చిన్న పరిశ్రమలకది వర్తించును. ఆదిలాబాదు పల్లెలలో పత్తి ఏరిన తరువాత ధర వచ్చువరకు ఇంటిలోనే నిలువ చేయుదురు. అమ్మకమునకుంచిన పత్తి ఇంటిసామాను కాదు. పైగా నిప్పుకు అంతకంటె ప్రియమైనది లేదు. పత్తి ఇంటిలో ఉంచుచున్నామని దరఖాస్తులో వ్రాయవలెను. గడ్డి కప్పు, తడికె గోడల ఇండ్లను కంపెనీలు కచ్చా కట్టడములుగా వేరుగా లెక్కించును. కప్పు గడ్డియైనచో గడ్డియనియే వ్రాయింపుడు. రేకులని వ్రాయించి కొంత ప్రీమియము మిగుల్చుకొన్నవాడు నష్టపరిహారము నాడు అంతయు పోగొట్టుకొనును.

జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల నుండి గల్ఫు దేశములకు పోయినవారి ఇండ్లు నెలల తరబడి తాళముతో ఉండుట మీరెరుగుదురు. ఇల్లు నెలకు మించి ఖాళీగా ఉండునెడల కంపెనీకి తెలుపవలెనను షరతు పాలసీలో ఉన్నదేమో చూచి, ఉన్నచో ముందుగనే వ్రాసి సమ్మతి పొందవలెను. బ్యాంకు ఋణముతో ఇల్లు కట్టినవారికి బ్యాంకే బీమా చేయించి యుండవచ్చును. ఆ పాలసీ నకలు అడుగుడు. అందులో ఉన్న మొత్తము ఇంటిని తిరిగి కట్టుటకు చాలునా, లేక బాకీ తీరుటకు మాత్రమే చాలునా యని చూడుడు.

నష్టము జరిగిననాడు పంచాయతీకి పని పడును. వెంటనే కంపెనీకి తెలుపవలెను. నిప్పుపడినచో అగ్నిమాపక కేంద్రమునకు, పోలీసులకు తెలిపి నివేదికలు తీసికొనవలెను. సర్వేయరు వచ్చి చూచువరకు తడిసిన మంచము, కాలిన పెట్టె పారవేయరాదు. అయినను మిగిలిన వస్తువులు పాడుకాకుండ తీసి ఆరబెట్టుట యజమాని బాధ్యతయే. నీటి మట్టము గోడపై ఎంతవరకు వచ్చినదో తెలియునట్లు ఫోటోలు తీయింపుడు. ఇంటి నంబరు, ఇంటిపన్ను రసీదు, ఇంటి కొలతలు పంచాయతీ రికార్డులో సరిగా లేనిచో సభ్యుడు ఎంత తిరిగినను పని సాగదు. చాల పంచాయతీలలో పెంకుటిల్లు స్లాబు ఇల్లయి ఏండ్లు గడచినను రిజిస్టరులో పెంకుటిల్లుగానే ఉన్నది. పన్ను పెరుగునని యజమాని చెప్పడు, మనమును అడుగము. వచ్చే వర్షాకాలమునకు ముందే ఈ రిజిస్టరును సరిచూడుడు.

వంటగ్యాసు విషయము కూడ చెప్పవలెను. పేరు నమోదైన గ్యాసు వినియోగదారుల కొరకు చమురు కంపెనీలే బీమా చేయించియున్నవి. గ్యాసు ప్రమాదమున ఇంటికి నష్టము జరిగినచో ఒక ప్రమాదమునకు రెండు లక్షల రూపాయల వరకు పరిహారమునకు అవకాశము కలదు. దీనికి వినియోగదారుడు వేరుగా చెల్లింపవలసినది లేదు. ప్రమాదము జరిగిన వెంటనే గ్యాసు ఏజెన్సీకి వ్రాతమూలకముగ తెలుపవలెను.

కంపెనీ పరిహారము నిరాకరించినను, అన్యాయముగ తగ్గించినను, మొదట ఆ కంపెనీకే వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయుడు. నెల దినములలో జవాబు రానిచో, లేక వచ్చిన జవాబు తృప్తికరము కానిచో, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమునకు పోవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. కంపెనీ జవాబు ఇచ్చిన ఏడాదిలోపల అర్జీ చేరవలెను. నియంత్రణ సంస్థకు తెలుపుటకు 155255 అను టెలిఫోను నంబరు కలదు. పిలుపునకు ఖర్చు లేదు. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై, ఇంటిపన్ను కట్టుటకు వచ్చువారికి కనబడు చోట వ్రాయింపుడు.