పాడైనదానిని బాగుచేసే విద్య

(శతవత్సర యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



కమ్యూనిటీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్, కంప్యూటరు రిపేరు, టెలికమ్యూనికేషన్స్ చదువును గురించి మాట్లాడమని సదస్సు కార్యదర్శిగారు నన్ను కోరారు. వేదాంత కళాశాలలో చదివిన గురువుకు వైర్లతో ఏమి పని అని మీలో కొందరు అనుకోవచ్చును. అట్టివారు నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయము తెరచి చూడండి. పేర్లతో నిండిన అధ్యాయము కనుక గుడిలో దానిని చదవడము అరుదు. యెరూషలేము గోడ కూలిపోయి ఉన్నది. దానిని ఎవరెవరు బాగుచేశారో ఆ పట్టికలో ఉన్నది. యాజకులు ఉన్నారు, బంగారపు పనివారు ఉన్నారు, గంధద్రవ్యములు చేసేవారు ఉన్నారు, వర్తకులు ఉన్నారు. షల్లూము అనే అధికారితో కలిసి అతని కుమార్తెలు కూడా గోడ కట్టారు. తెకోవ ఊరి పెద్దమనుష్యులు మాత్రము మెడ వంచి ఆ పని చేయడానికి ఇష్టపడలేదు. వారి సంగతి కూడా ఆ పట్టికలోనే వ్రాయబడి ఉన్నది. బాగుచేసే పనిని దేవుని గ్రంథము ఇంత గౌరవముగా లెక్క వ్రాసి పెట్టినది.

నేటి దినములలో మన ఊరి గోడ వైర్లతో కట్టబడి ఉన్నది. రేషను దుకాణములో వేలిముద్ర తీసుకొనే యంత్రము, బ్యాంకులోని కంప్యూటరు, ఆసుపత్రిలోని పరీక్షా యంత్రములు, పిల్లల ఫీజు కట్టే ఫోను, చివరకు గుడిలోని మైకు, అన్నీ ఆ గోడలోని రాళ్ళే. ఒక రాయి జారితే ముసలమ్మ బియ్యము లేకుండ ఇంటికి తిరిగి పోతుంది. కనుక దానిని సరిచేసేవాడు చేసేది చిన్న పని కాదు.

కాలేజీ పుట్టుక

కమ్యూనిటీ కాలేజీ అన్న మాట అమెరికా దేశమునుండి వచ్చినది. 1901లో ఇలినాయ్ రాష్ట్రములోని జోలియెట్ పట్టణములో ఆరుగురు విద్యార్థులతో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ ప్రారంభమైనది. దానిని తలపెట్టిన ఇద్దరిలో ఒకరు స్థానిక హైస్కూలు అధికారి జె. స్టాన్లీ బ్రౌన్, మరొకరు షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్. ఈ హార్పర్ హెబ్రీ భాషలో గొప్ప పండితుడు. మొదట అక్కడ డిగ్రీలోని తొలి రెండు సంవత్సరముల చదువు మాత్రమే చెప్పేవారు. వృత్తి విద్యలు తరువాత చేరాయి. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము తన నివేదికలో ఇట్టి కాలేజీలు దేశమంతటా కావాలని చెప్పిన తరువాత కమ్యూనిటీ కాలేజీ అనే పేరు స్థిరపడినది. పగలు పని చేసుకొనేవాడు సాయంత్రము వచ్చి చదువుకోవచ్చును. పిల్లల తల్లి కూడా చేరవచ్చును. రెండు సంవత్సరములు ముగించి ఉద్యోగమునకు పోవచ్చును, లేదా విశ్వవిద్యాలయములో పై చదువుకు పోవచ్చును. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలోనూ కొందరు ఈ కాలేజీలలో చదువుకొని పనిలో కుదురుకొన్నారు.

మన దేశములో 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయము ఇట్టి కాలేజీ స్థాపించినది. 1996లో మద్రాసు-మైలాపూరు కథోలిక అగ్రమేత్రాసనము మరొకటి ప్రారంభించినది. అనగా ఈ దేశములో ఈ బండికి ఎద్దులు కట్టినవారిలో క్రైస్తవ సంఘము ముందున్నది. తరువాత 2009లో ఇగ్నో, 2013లో యు.జి.సి. తమ పథకములు తెచ్చాయి. కమ్యూనిటీ కాలేజీ దగ్గరలో లేనివారికి ఐ.టి.ఐ. ఉన్నది. 1950లో ప్రారంభమైన శిక్షణా పథకము క్రింద పదవ తరగతి ప్యాసయినవారు ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడును రెండేళ్ళలో నేర్చుకోవచ్చును.

ఏమి నేర్పుతారు?

మొదటిది ఎలక్ట్రానిక్స్. విద్యార్థి చేతికి మొదట మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్ వస్తాయి. ఓమ్ నియమము లెక్కలు చేయిస్తారు. తరువాత పాడైన పరికరమును ముందు పెట్టి తప్పు ఎక్కడున్నదో కనుక్కోమంటారు. తొందరపడేవాడు అన్ని భాగములనూ ఊడదీస్తాడు. చదువుకొన్నవాడు ముందు కళ్ళతో చూస్తాడు, వాసన చూస్తాడు, కరెంటు వస్తున్నదో లేదో కొలుస్తాడు. ఆ తరువాత వరుస మధ్యలో కొలుస్తాడు. అక్కడ బాగుంటే తప్పు రెండవ సగములో ఉన్నది, బాగులేకుంటే మొదటి సగములో ఉన్నది. అట్లు సగము, సగములో సగము చేసుకొంటూ పోతాడు. కొలవకుండ నిందించకూడదు అన్నది ఈ విద్యలో మొదటి పాఠము. మన సంఘ కమిటీ సమావేశములకు కూడా ఇది మంచి పాఠమే.

భయభక్తులు కూడా నేర్పుతారు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. కంప్యూటరు పవర్ సప్లై లోపలి కెపాసిటరులో అది సుమారు 325 వోల్టులుగా నిలువ ఉంటుంది. ప్లగ్గు తీసిన వెంటనే అది పోదు. ఆ సంగతి తెలియనివాడు చేయి పెడితే ప్రాణము మీదికి వస్తుంది.

రెండవది కంప్యూటరు రిపేరు. మన ఒంటిమీద పుట్టే స్థిర విద్యుత్తు సుమారు మూడు వేల వోల్టులు దాటితే గాని చురుక్కుమని మనకు తెలియదు. అందులో కొద్ది భాగమే చిప్పును చెరచడానికి చాలును. అందుకని మణికట్టుకు భూమితో కలిపిన పట్టీ కట్టుకొని పని చేస్తారు. మనకు తెలియకుండానే మన చేతిగుండా కీడు జరుగవచ్చును అని ఆ పట్టీ దినదినమూ గుర్తు చేస్తుంది.

ఈ విద్యలో అన్నిటికంటె కష్టమైనది యథార్థత. కంప్యూటరు ఆన్ కాకపోతే మెమరీ కార్డు తీసి, దాని అంచులు తుడిచి, మళ్ళీ బిగించగానే పని చేయవచ్చును. మూడు వోల్టుల చిన్న బ్యాటరీ మార్చితే తేదీ, టైము సరిపడవచ్చును. ఆ సంగతి చెప్పి న్యాయమైన కూలి తీసుకోవచ్చును. బోర్డు కాలిపోయిందని చెప్పి వేల రూపాయలు కూడా గుంజవచ్చును. ఎదుట నిలిచినవారికి ఏమీ తెలియదు. ఇక ఫోను బాగుచేయమని ఇచ్చే ఆడపిల్ల తన ఫోటోలు, ఉత్తరాలు, బ్యాంకు వివరాలు కూడా అతని చేతిలో పెడుతున్నది. చూడగలిగియుండి చూడకుండ ఉండడము ఏ కాలేజీ పరీక్షలోనూ అడగరు. దానిని నేర్పవలసినది తల్లిదండ్రులు, సండేస్కూలు, సంఘము. ఇట్టి పనివాడొకడు బజారులో ఉంటే అతని బల్లయే అతని సాక్ష్యము.

మూడవది టెలికమ్యూనికేషన్స్. నెట్‌వర్కు కేబుల్‌లో ఎనిమిది సన్నని తీగలు, నాలుగు జతలుగా మెలివేసి ఉంటాయి. జతగా మెలివేయడము వలన బయటి అలజడి రెండు తీగలమీదా సమానముగా పడి కొట్టుకొని పోతుంది. అటువంటి తీగను మామూలుగా 100 మీటర్లకు మించి లాగరు. దూరమునకు గాజు తీగ, అనగా ఆప్టికల్ ఫైబరు కావాలి. గాజులో కాంతిని చాలా దూరము పంపవచ్చునని 1966లో చార్లెస్ కావ్ చూపించాడు. 2009లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. దూరమునకు వాడే గాజు తీగలో కాంతి నడిచే దారి సుమారు తొమ్మిది మైక్రానులు, అనగా మిల్లీమీటరులో నూరవ వంతుకంటె తక్కువ. అట్టి రెండు కొసలను నిటారుగా కోసి, తుడిచి, విద్యుత్ జ్వాలతో కరిగించి అతుకుతారు. దుమ్ము కణము పడితే అతుకు చెడుతుంది. తెగిన చోటు కనుక్కోవడానికి కాంతిని పంపి, అది తిరిగి వచ్చిన సమయమును బట్టి దూరము లెక్క కడతారు. దూరము తెలిస్తే ఊరంతా తవ్వనక్కరలేదు.

తల్లిదండ్రులతో ఒక మాట

ఇంటర్ ఫలితములు వచ్చిన తరువాతి ఆదివారము గుడిలో ఏ పిల్లలు కనబడలేదో ప్రతి గురువుకూ తెలుసు. ప్యాసైనవారి కొరకు స్తుతి ప్రార్థన చేస్తాము. తప్పినవాడు ఇంటిలో తలుపు వేసుకొని ఉంటాడు. ఇట్టి పిల్లలను పోగొట్టుకొంటే నూరేళ్ళ పండుగకు అర్థమేమున్నది? మరికొందరు తల్లిదండ్రులు పిల్లవానికి ఆసక్తి ఉన్నా లేకున్నా పొలము తాకట్టు పెట్టి ఇంజనీరింగు సీటు కొంటున్నారు. ఇంజనీరింగు వద్దని నేను చెప్పడము లేదు. చేతి విద్యను ఓడిపోయినవాడి చదువుగా చూడవద్దని మాత్రమే చెబుతున్నాను. ఆ దారిలో పోయినవారికి పై తలుపు మూసుకొనిపోదు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు చదివినవారు ఈసెట్ వ్రాసి బి.టెక్. రెండవ సంవత్సరములో చేరవచ్చును. 1961 నాటి అప్రెంటీసుల చట్టము క్రింద స్టైపెండుతో పని నేర్చుకోవచ్చును.

1967లో హైదరాబాదులో స్థాపించిన ఈ.సి.ఐ.ఎల్.ను నిలబెట్టిన ఏ.ఎస్. రావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టినవారు. ఒకప్పుడు మన ఇండ్లలో వెలిగిన ఈ.సి. టీవీలు ఆ సంస్థవే. ఈ విద్య మన నేలకు పరాయిది కాదు.

అయితే ఏ కాలేజీలోనైనా చేర్చేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ఈ సర్టిఫికెటును ఎవరు గుర్తిస్తారు? వర్కుషాపు ఉన్నదా? ఒక్కొక్క బల్లవద్ద ఎందరు? నిరుడు చదివినవారు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు? జవాబు చెప్పక బ్రోచరు చేతిలో పెట్టేవారివద్ద ఫీజు కట్టవద్దు. విదేశమునకు పంపుతామనే ఏజెంట్లను కూడా ఇవే ప్రశ్నలు అడగండి.

మన సంఘము చేయగలిగినది

19వ శతాబ్దములో గోదావరి ప్రాంతమునకు వచ్చిన మిషనెరీలు మన స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. నరసాపురము లేసు నేటికీ దేశాంతరములకు పోతున్నది. వాక్యము ఒక చేత, సూది ఒక చేత ఇచ్చారు. ఇప్పుడు సూది స్థానములో సోల్డరింగ్ ఐరన్ ఉంచవలసిన కాలము వచ్చినది.

నా మనవి మూడు మాటలలో చెబుతాను. ఒకటి, మన పాఠశాలలలో సాయంత్రము నాలుగు దాటితే గదులు తాళము వేసి ఉంటాయి. పాస్టరేటుకు ఒక గది వర్కుషాపుకు ఇవ్వండి. రెండు, 2020 జనవరి 31న దేశమంతటా సుమారు 78 వేల మంది బి.ఎస్.ఎన్.ఎల్. ఉద్యోగులు స్వచ్ఛంద విరమణ తీసుకొన్నారు. కేబుళ్ళు అతికి, ఎక్స్చేంజీలు నడిపిన చేతులు అవి. అట్టివారు మన సంఘములలో ఉన్నారు. వారానికి రెండు సాయంత్రములు వారిని అడగండి. మూడు, షల్లూము కుమార్తెలను మరువవద్దు. ఆ గదిలో సగము బల్లలు మన ఆడపిల్లలకు ఉండాలి.

శతవత్సర నిధితో స్మారక ద్వారము కట్టాలని కొందరు పెద్దలు తలపోస్తున్నారు. వారి భక్తిని నేను తక్కువ చేయను. కాని ద్వారము క్రిందనుండి లోపలికి వచ్చే పిల్లలు లేకపోతే ద్వారమెందుకు? ఆ సొమ్ములో సగమైనా పనిముట్లకు, బల్లలకు కేటాయించమని బిషప్పుగారిని, కార్యవర్గమును ఈ వేదికమీదనుండి వినయముగా కోరుతున్నాను.

ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న గోడను వారు బాగుచేసుకొన్నందుననే యెరూషలేము గోడ 52 దినములలో నిలిచినది. మన ఇంటి ఎదుట ఉన్న గోడ ఏదో ప్రభువు మనకు చూపించును గాక. మెడ వంచి పనిచేసే కృప మన పిల్లలకూ, వారిని గౌరవించే మనస్సు మనకూ అనుగ్రహించును గాక. ఆమేన్.