డివైడరు మీది గన్నేరు

మెకానిక్ మేస్త్రీ ఒకరి పేరిట ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో ఇంజన్ల కబుర్లు వినడం మీకు అలవాటు. ఈసారి చెట్ల కబురు చెబుతాను. అందుకోసం ఆటోనగర్ దాటి ఎక్కడికో పోనక్కర్లేదు. చెన్నై–కోల్‌కతా హైవే డివైడర్ల మీద పూసే గన్నేరు చాలు.

లారీల పొగ, రోహిణి కార్తె ఎండ, ఎప్పుడొస్తుందో తెలియని ట్యాంకరు నీళ్లు. వేరే మొక్కయితే ఈపాటికి మాడిపోయేది. గన్నేరాకు తిరగేసి భూతద్దం పెట్టి చూడండి. అడుగున సన్నటి గుంటలు, వాటినిండా నూగు కనిపిస్తాయి. ఆకు గాలి పీల్చే రంధ్రాలు ఆ గుంటల్లో దాగి ఉంటాయి, వడగాలికి తేమ తేలిగ్గా దొరకదు. పశువుల బెడదకు మందు ఆకులోనే ఉంది: గుండె లయను దెబ్బతీసే ఓలియాండ్రిన్ అనే విషం. పచ్చి ఆకు చేదు కాబట్టి గేదె మామూలుగా మూతి పెట్టదు.

గన్నేరు కుటుంబం అపోసైనేసి. పెద్ద సంసారమే. నందివర్ధనం పొద, ఏడాకుల పాల మాను, ఎండాకాలం మనం సుగంధి షర్బత్ తాగే సుగంధిపాల తీగ, అన్నీ ఈ ఇంటివే. రథసప్తమినాడు తలమీద పెట్టుకునే జిల్లేడును ఒకప్పుడు వేరే కుటుంబంలో చూపేవారు. ఇప్పుడు ఇందులోనే కలిపారు. మన పక్కనున్న కొండపల్లి బొమ్మ తెల్లపొణికిది గానీ, ఏటికొప్పాక లక్కబొమ్మ చేసే అంకుడు కర్ర ఈ కుటుంబానిదే. గుర్తుపట్టడానికి ఒక ఉపాయం: చాలావాటి మొగ్గలో రేకులు రేడియేటరు ఫ్యాను రెక్కల్లా ఒకే పక్కకు మెలితిరిగి ఉంటాయి. కొమ్మ విరిస్తే పాలు కారతాయి. గన్నేరులో మాత్రం అవి అంత తెల్లగా, చిక్కగా ఉండవు.

ఈ కుటుంబపు రసాయనాలే మనుషుల్ని బతికించాయి కూడా. సర్పగంధి రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో రాశాక ప్రపంచం దానివైపు చూసింది. 1952లో దాన్నుంచి రిసెర్పిన్‌ను వేరుచేశారు. బిళ్ళగన్నేరు కథ ఇంకా చిత్రం. కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు మధుమేహానికి పనికొస్తుందేమోనని దాన్ని పరీక్షించారు. చక్కెర తగ్గలేదు, ఎలుకల్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. అక్కడ పట్టుకున్న దారే విన్‌బ్లాస్టిన్‌కు చేర్చింది. తర్వాత అదే మొక్కనుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్ నేటికీ పిల్లల రక్తకేన్సరుకు ముఖ్యమైన మందు. ఇదంతా చదివి ఇంట్లో కషాయం కాచుకోకండి. మందుకూ విషానికీ తేడా మోతాదులో ఉంది, అది తూచే త్రాసు మన వంటింట్లో లేదు.

డివైడరు మీద గన్నేరు నాటడం మంచి నిర్ణయమే అంటాను. చిక్కంతా నరికాకే. ఎండిన గన్నేరాకులో విషం పోదు, చేదు మాత్రం తగ్గుతుంది. గడ్డిలో కలిస్తే పశువు తినేస్తుంది. ఆ పుల్లలు కాలిస్తే పొగ కూడా మంచిది కాదు. కాబట్టి నగరపాలక సంస్థకూ హైవే వారికీ, ఆటోనగర్ షెడ్ల యజమానులకూ ఒక్కటే మనవి: కత్తిరించిన కొమ్మల్ని సర్వీసు రోడ్డు పక్కన కుప్పపోయకండి, మంట పెట్టకండి. అదేరోజు ఎత్తించి, పశువులకు అందనిచోట పూడ్పించండి.