ఆజ్ఞకు ముందు ఒక ప్రశ్న



సూరత్ చెంతనున్న సచిన్ పారిశ్రామికవాడలో మరమగ్గము నడుపు కార్మికుడు, తాను ఏ మగ్గము ముందు నిలిచినాడో కన్నులారా చూచియే మీట నొక్కును. లినక్స్ సర్వరులను నిర్వహించు ఉద్యోగికి ఆ సౌకర్యము లేదు. అతని యెదుట నున్నది అక్షరముల తెర మాత్రమే.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌లో నిర్వహణకార్యములు పెక్కు టైపు చేసిన ఆజ్ఞలతోనే సాగును. ఎస్.ఎస్.హెచ్. దూరపు యంత్రములోనికి దారి యిచ్చును. డాకర్ కంటెయినర్లను, కుబ్‌సీటీఎల్ వాని సమూహములను నడుపును. ఏ యంత్రమునకైనను తెర ఒక్క తీరుననే యుండును. ప్రమాదము అక్కడనే కలదు.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వరుకు ఉద్దేశించిన తొలగింపు ఆజ్ఞను మరొక సర్వరుపై నడిపెను. నిత్యము తీయవలసిన నకళ్లు పనికి రాలేదు. సుమారు 6 గంటల ముందు చేతితో తీసిన నకలొక్కటే ఆదుకొనెను. ఆ తరువాతి సమాచారము నశించెను.

కావున 'ఆర్‌ఎం' అను తొలగింపు ఆజ్ఞకు ముందు 'హోస్ట్‌నేమ్' అని యంత్రము పేరడుగవలెను. 'ఎల్‌ఎస్'తో అందున్న దేమో చూడవలెను. నకలును అప్పుడప్పుడు వేరొక యంత్రముపై నిలిపి పరీక్షింపవలెను. ప్రభుత్వ కార్యాలయపు సర్వరులో నున్నవి ఎవరి పింఛను లెక్కయో, ఎవరి భూమి పత్రమో. వారు ఆ తెరను ఎన్నడును చూడరు.