రీలు ఏ చేత్తో తిప్పాలి? కొనే ముందే తేల్చుకోండి

ఈ ఎపిసోడ్‌లో గాలం రీలు గురించి మాట్లాడుకుందాం. ఏ రీలు కొనాలి, దాన్ని ఏ చేత్తో తిప్పాలి. రెండో ప్రశ్న చిన్నదిగా అనిపిస్తుంది కానీ, నా లెక్కలో ముందు తేలాల్సింది అదే. ఎందుకంటే కొన్ని రీళ్లకి హ్యాండిల్‌ని ఇటు నుంచి అటు మార్చుకోవచ్చు, కొన్నింటికి అస్సలు మార్చలేం. నెలల తరబడి డబ్బులు దాచుకుని మొదటి బెయిట్‌కాస్టర్ ఆర్డర్ పెడతారు. బాక్సు విప్పి చూస్తే హ్యాండిల్ మీకు పనికిరాని పక్కన ఉంటుంది. ఒకసారి లైను ఎక్కించి వాడాక షాపువాడు వెనక్కి తీసుకోడు. ఆ పరిస్థితి మీకు రాకూడదనే ఈ మాటలన్నీ.

ముందు రీళ్ల సంగతి. మన దగ్గర ఎక్కువగా వాడేవి రెండు రకాలు.

మొదటిది స్పిన్నింగ్ రీలు. ఇది రాడ్డు కింద వేలాడుతూ ఉంటుంది. విసిరేటప్పుడు ఇందులో స్పూల్ తిరగదు. నేతవాళ్ల దగ్గర కండె మీద నుంచి దారం కొస వైపుకి జారినట్టు, లైను స్పూల్ అంచు మీదుగా జారిపోతుంది. చుట్టేటప్పుడు కూడా స్పూల్ గుండ్రంగా తిరగకుండా ఉంటే, దాని చుట్టూ రోటర్ తిరిగి లైను చుడుతుంది. 1905లో ఇంగ్లాండ్‌లో ఈ తరహా రీలుకి పేటెంట్ తీసుకున్నాయన పేరు ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్. ఆయనది బట్టల మిల్లుల కుటుంబం. కండె పోలిక ఊరికే చెప్పలేదు మరి.

రెండోది బెయిట్‌కాస్టర్. ఇది రాడ్డు పైన కూర్చుంటుంది. విసిరినప్పుడు స్పూలే గిరగిరా తిరుగుతుంది. గాలిపటం చరఖా తెలుసు కదా, అచ్చం అలాగే. గాలిపటం లాగడం ఆపినా చరఖా తిరుగుతూనే ఉంటే మాంజా ఏమవుతుంది? చిక్కుపడి ముద్దవుతుంది. ఇక్కడా అంతే. ఎర నీళ్లలో పడే క్షణానికి బొటనవేలు స్పూల్ మీద ఆనించి ఆపాలి. ఆ వేలు ఒక్క క్షణం ఆలస్యమైతే, మిగిలిన సాయంత్రమంతా ఒడ్డున కూర్చుని చిక్కు విప్పుకోవడమే.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. కుడిచేతి వాటం మనిషి ఏ చేత్తో తిప్పాలి?

ఎవరినడిగినా వచ్చే మొదటి జవాబు ఒకటే: "కుడిచేత్తోనే, బలం అక్కడేగా ఉంటుంది." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ చేప పడ్డాక జరిగేది ఒకసారి గమనించండి. చేపతో పోరాడేది హ్యాండిల్ కాదు, రాడ్డు. చేప ఎడమకి లాగితే రాడ్డు కుడికి వంచాలి. అది నాచులోకి దూరబోతుంటే పైకి ఎత్తాలి. పైకి ఎగిరితే కొస కిందకి దించాలి. ఇవన్నీ చేసేది రాడ్డు పట్టుకున్న చెయ్యే. హ్యాండిల్ తిప్పే చెయ్యి చేసేది, రాడ్డు సంపాదించి పెట్టిన లైనుని లోపలికి చుట్టుకోవడం. రాడ్డు ఎత్తి చేపని దగ్గరికి లాగుతాం, కొస దించుతూ వదులైన లైను చుడతాం, మళ్లీ ఎత్తుతాం. కండబలం, సున్నితం రెండూ కావాల్సింది రాడ్డు చేతికి. హ్యాండిల్ చేతికి కావాల్సింది ఒకే వేగంతో తిప్పే అలవాటు. ఆ అలవాటు వారం పది రోజుల సాధనతో వచ్చేస్తుంది.

అందుకే నేను చెప్పే సూత్రం ఇది: పని తెలిసిన చెయ్యి రాడ్డుకి, రెండో చెయ్యి హ్యాండిల్‌కి. కుడిచేతి వాటం వాళ్లకి హ్యాండిల్ ఎడమ పక్కన ఉండాలి. ఎడమచేతి వాటం వాళ్లకి కుడి పక్కన.

దీనికి ఇంకో కారణం ఉంది. కొర్రమీను పట్టేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. కొర్రమీనుకి మనం కప్పబొమ్మ ఎర వేస్తాం. తామరాకుల మధ్య, గుర్రపుడెక్క పక్కన, నాచులో చిన్న సందు చూసి అందులోకి విసురుతాం. చాలాసార్లు కప్ప నీటి మీద పడీ పడకముందే దెబ్బ పడుతుంది. ఇప్పుడు కుడిచేత్తో విసిరి, కుడిచేత్తోనే తిప్పే మనిషిని ఊహించుకోండి. విసిరాక రాడ్డుని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకోవాలి, అప్పుడు హ్యాండిల్ అందుకోవాలి. ఆ మార్చుకునే క్షణంలో చేప కప్పని నోట్లో వేసుకుని నాచు అడుగుకి వెళ్లిపోతుంది. లైను వదులుగా ఉంది, హుక్కు దిగలేదు, చేప ఉమ్మేసింది. అదే హ్యాండిల్ ఎడమ పక్కన ఉంటే, కప్ప గాల్లో ఉండగానే ఎడమచెయ్యి హ్యాండిల్ మీద సిద్ధంగా ఉంటుంది.

మరి బెయిట్‌కాస్టర్లు ఎక్కువగా కుడి హ్యాండిల్‌తోనే ఎందుకు కనిపిస్తాయి? పాతకాలం నుంచీ అవి అలాగే తయారయ్యాయి, తరాల తరబడి జనం చెయ్యి మార్చుకోవడానికి అలవాటు పడిపోయారు. వాళ్లలో గొప్ప వేటగాళ్లు కూడా ఉన్నారు. మీరూ ఏళ్ల తరబడి అలాగే చేస్తూ, చేపలు బాగానే పడుతుంటే, నా మాట విని మార్చుకోనక్కర్లేదు. ఈ సూత్రం ముఖ్యంగా కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం. రేపు మానుకోవాల్సిన అలవాటు ఇవాళ చేసుకోవడం ఎందుకు?

ఎడమచేతి వాటం తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. "ఎడమచేత్తో వద్దమ్మా" అని ఇంట్లో వినీ వినీ పెరిగి ఉంటారు. గాలం దగ్గర ఆ పట్టింపు లేదు. పైగా ఇక్కడ అదృష్టం మీ వైపే ఉంది. మీరు ఎడమచేత్తో విసిరి, రాడ్డు ఎడమచేతిలోనే ఉంచుకుని, కుడిచేత్తో తిప్పుతారు. అంటే షాపుల్లో విరివిగా దొరికే కుడి హ్యాండిల్ బెయిట్‌కాస్టర్ సరిగ్గా మీకు సరిపోయేదే. కాబట్టి "ఎడమచేతి వాటమా, అయితే లెఫ్ట్ హ్యాండ్ రీలు తీసుకో" అని ఎవరైనా అంటే ఆగండి. రీలు మీద లెఫ్ట్ హ్యాండ్ అని రాసి ఉంటే హ్యాండిల్ ఎడమ పక్కన ఉందని అర్థం. ఎడమచేతి వాటం వాళ్ల కోసం చేశారని కాదు. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే.

ఈ సూత్రం వర్తించని చోటు కూడా చెప్పాలి. పడవ మీద సముద్రంలోకి వెళ్లి పెద్ద చేపలు పట్టే పెద్ద రీళ్లు వేరు. అక్కడ రాడ్డు మడమ నడుముకి కట్టుకున్న బెల్టులో కూర్చుంటుంది. రాడ్డు చేతి మీద భారం తగ్గుతుంది, బరువైన లైనుని చాలాసేపు చుట్టాలి. అలాంటప్పుడు బలమైన చెయ్యి హ్యాండిల్ మీద ఉండటమే నయం. అలాగే మీ చేతికో, భుజానికో పాత దెబ్బ ఉంటే, నొప్పి లేని చేతికి రాడ్డు ఇవ్వండి. సూత్రం మన కోసం, మనం సూత్రం కోసం కాదు.

మీకేది సరిపోతుందో తెలియాలంటే ఈ పరీక్ష చేయండి. ఫ్రెండ్ దగ్గరున్న రాడ్డు, స్పిన్నింగ్ రీలు తీసుకోండి. లైను చివర చిన్న బరువు కట్టి, ఎవరినైనా వదులు కాకుండా పట్టుకోమనండి. కుడిచేత్తో రాడ్డు పట్టి, ఎడమచేత్తో 50 చుట్లు తిప్పండి. కళ్లు రాడ్డు కొస మీద పెట్టండి. తర్వాత చేతులు మార్చి, హ్యాండిల్ కూడా మార్చి, మళ్లీ 50. ఎందులో కొస తక్కువ ఊగిందో అదే మీ పద్ధతి. కొస ఊగుతుంటే నీళ్లలో ఎర కూడా మీరు అనుకోనట్టు ఊగుతుంది.

స్పిన్నింగ్ రీలుకి హ్యాండిల్ మార్చడం చాలా తేలిక. రెండు రకాల బిగింపులు ఉంటాయి. ఒకటి, హ్యాండిల్‌కి ఎదురు పక్కన ఒక స్క్రూ మూత ఉండేది. ఆ మూత విప్పి, హ్యాండిల్ బయటికి లాగి, అటు నుంచి దూర్చి, మూతని ఇటు పెట్టి బిగించాలి. రెండోది, హ్యాండిలే మరలా లోపలికి బిగుసుకునేది. దాన్ని చుట్టే దిశకి వ్యతిరేకంగా తిప్పితే ఊడి వస్తుంది. వీటిలో చాలావాటికి కాడ మీద రెండు మరలు ఉంటాయి, ఒకటి కుడి పక్కకి, ఒకటి ఎడమ పక్కకి. చేతి బిగువు చాలు, పట్టకారు వాడొద్దు. బిగుసుకోవడం లేదంటే పక్క తప్పిందని అర్థం, బలవంతం చేస్తే మర చెడిపోతుంది.

ఇంకో దృశ్యం చెరువుగట్ల మీద తరచూ కనిపిస్తుంది. కుడిచేత్తో తిప్పాలని స్పిన్నింగ్ రీలుని బోర్లించి, రాడ్డు పైకి తెచ్చి, హ్యాండిల్‌ని వెనక్కి తిప్పుతుంటారు. అలా పట్టుకుంటే గైడ్లు పైకి వస్తాయి. చేప బరువుకి రాడ్డు వంగినప్పుడు లైను రాడ్డుకే రాసుకుంటుంది. ఎవరైనా అలా చేస్తుంటే నవ్వకండి. ఆ హ్యాండిల్ అటు మారుతుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు, అంతే. మీరు చెప్పండి.

బెయిట్‌కాస్టర్‌లో మాత్రం ఈ సౌకర్యం లేదు. గేర్లు ఒకే పక్కన ఉంటాయి, అందుకే కొనేటప్పుడే తేల్చుకోవాలి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టొద్దు, మోడల్ నంబర్ చదవండి. షిమానోలో చాలా బెయిట్‌కాస్టర్లకి చివరి అంకె 0 అయితే హ్యాండిల్ కుడి పక్కన, 1 అయితే ఎడమ పక్కన. 150, 151 అన్నట్టు. దైవా, అబు గార్సియా లాంటి కంపెనీలు ఎడమ హ్యాండిల్‌కి సాధారణంగా పేరు చివర ఎల్ అక్షరం పెడతాయి. అయినా డెలివరీ వచ్చాక లైను ఎక్కించకముందే ఒకసారి రాడ్డుకి బిగించి, చేత్తో పట్టుకుని చూడండి.

ఇప్పుడు మిగతా విషయాలు త్వరగా చూద్దాం.

మొదటి రీలు ఏది? నా సలహా స్పిన్నింగే. చేతులు రెండు పక్కలా పరీక్షించుకోవచ్చు, చిక్కుల గొడవ తక్కువ, తేలికైన ఎరలు కూడా దూరం పోతాయి. చెరువుల్లో చిన్న, మధ్యరకం చేపలకి 2500 లేదా 3000 సైజు. కొర్రమీనుకి, కాలువల్లో, గోదావరి, కృష్ణలో పెద్దవాటికి 4000. సముద్రపు ఒడ్డు నుంచి అయితే 5000, 6000.

గేర్ రేషియో 5.2:1 అంటే, హ్యాండిల్ ఒక్క చుట్టు తిప్పితే స్పిన్నింగ్ రీలులో రోటర్ 5.2 సార్లు తిరుగుతుందని. అంకె పెద్దదైతే లైను త్వరగా వస్తుంది, చిన్నదైతే బరువు తేలిగ్గా లాగుతుంది. మొదటి రీలుకి 5 నుంచి 6 మధ్య చాలు. కప్ప ఎరకే ప్రత్యేకంగా బెయిట్‌కాస్టర్ కొంటే 7 దగ్గరలో తీసుకోండి, వదులైన లైను వెంటనే చుట్టేయాలి కదా.

బాక్సు మీద బేరింగులు 12+1 అని పెద్ద అక్షరాలతో రాస్తారు. ఎన్ని అన్నది కాదు, ఎలాంటివి అన్నది ముఖ్యం. నాసిరకం 13 కంటే మంచివి 5 మేలు. షాపులో ఉంటే హ్యాండిల్ నెమ్మదిగా తిప్పి చూడండి. గరగరమంటే వద్దు. హ్యాండిల్ వెనక్కి లాగితే ఎక్కువ ఆట ఉంటే వద్దు. లైను రోలర్ వేలితో తిప్పితే తిరగాలి.

డ్రాగ్ అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైను తెగకుండా జారనిచ్చే బ్రేకు. మామూలుగా లైను బలంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెట్టాలి. 8 కిలోల లైనుకి 2 నుంచి రెండున్నర కిలోలు. సామాన్లు తూచే చిన్న తూకం కొక్కేనికి లైను కట్టి లాగి చూసుకోవచ్చు. డ్రాగ్ జారుతున్నప్పుడు స్పిన్నింగ్ రీలు హ్యాండిల్ తిప్పకండి. లైను లోపలికి రాదు సరికదా, మెలికలు పడుతుంది. ఆగండి, రాడ్డుని పని చేయనివ్వండి, చేప ఆగాక చుట్టండి. చూశారా, ఇక్కడా రాడ్డు చెయ్యే పెద్దది.

బ్రెయిడ్ లైను వాడేవాళ్లు స్పూల్ మీద ముందు కొన్ని చుట్లు మోనో చుట్టండి. లేకపోతే బ్రెయిడ్ మొత్తం స్పూల్ మీద జారుతూ గుండ్రంగా తిరుగుతుంది.

కొత్త చేత్తో తిప్పడం మొదట్లో వింతగానే ఉంటుంది. నీళ్ల దగ్గరికి వెళ్లకముందే, ఖాళీ స్థలంలో హుక్కు లేకుండా చిన్న బరువు కట్టి రోజూ పది నిమిషాలు విసిరి, చుట్టండి. వారంలో చెయ్యి దానంతట అదే హ్యాండిల్ వెతుక్కుంటుంది. అలాగే చెరువుకి వెళ్లేముందు అనుమతి అడగండి. మన చెరువులు చాలావరకు మత్స్యకార సంఘాల చేతిలో ఉంటాయి, అందులో చేప వాళ్ల జీవనం.

మొదటి రీలు కొనబోతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాళ్లు ఆర్డర్ బటన్ నొక్కకముందే ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో లైనుకి హుక్కు కట్టే ముడుల గురించి మాట్లాడుకుందాం. అంతవరకు సెలవు.